మోడెం మాట వినకపోతే

అందరికీ నమస్కారం. పాత లినక్స్, మోడెం, మౌస్ లాంటివి తగిలించే సీరియల్ పోర్టు, ఫోన్ లైన్ మీద కంప్యూటర్లను కలిపే మోడెం... ఈ రోజుల్లో ఈ గోలెందుకని కొందరికి అనిపిస్తుండొచ్చు. అసలు లినక్స్ మోడెం వాడకంలోంచే పుట్టిందండీ. 1991లో హెల్సింకీలో లినస్ టోర్వాల్డ్స్ ఇంటి నుంచి యూనివర్సిటీ కంప్యూటర్‌కి డయల్ చేయడానికి రాసుకున్న టెర్మినల్ ప్రోగ్రామే పెరిగి, ఆపరేటింగ్ సిస్టంకి గుండెకాయలాంటి కెర్నల్ అయింది. ఒకసారి మోడెంకి వెళ్లాల్సిన కమాండ్లు హార్డ్ డిస్క్‌కి వెళ్లి, అందులోని మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం పాడైపోయింది కూడా.

"మోడెం పనిచేయట్లేదు" అన్న మాట దగ్గరే ఆగిపోతే ఏమీ తేలదు. అసలు పలకట్లేదా, ఆలస్యంగా పలుకుతోందా? మోడెంని పలకరించే 'ఏటీ' కమాండ్ కొడితే 'ఓకే' వెంటనే రావాలి. అస్సలు రాలేదంటే పోర్టు అడ్రస్ తప్పో, కేబుల్ ఊడిందో, వేరే పోర్టుతో మాట్లాడుతున్నామో చూడాలి. పాత డాస్‌లో మొదటి సీరియల్ పోర్టు పేరు కామ్1, అదే లినక్స్‌లో టీటీవైఎస్0. ఈ ఒక్క అంకె తేడాతో చాలామంది టెన్షన్ పడ్డారు.

అక్షరాలు కొన్ని సెకన్లు ఆగి, ఒక్కసారిగా గుంపుగా వస్తుంటే మాత్రం అనుమానమే అక్కర్లేదు, అది ఇంటరప్ట్ గొడవ. ఇంటరప్ట్ అంటే 'నన్ను చూడు' అని పరికరం ప్రాసెసర్‌ని పిలిచే సిగ్నల్. పీసీలో కామ్1, కామ్3 రెండిటికీ మామూలుగా ఇచ్చేది ఇంటరప్ట్ 4. కామ్2, కామ్4లకు 3. ఒకే ఇంట్లో రెండు వాటాలకు ఒకటే కాలింగ్ బెల్ పెట్టినట్టు. పాత పీసీల్లో ఐసా అనే రకం స్లాట్లలో గుచ్చే కార్డులు మామూలుగా ఒక ఇంటరప్ట్‌ను పంచుకోలేవు. కామ్1లో మౌస్, కామ్3లో మోడెం పెట్టి, లినక్స్‌లో గ్రాఫిక్ తెర చూపే ఎక్స్ విండోస్ తెరిచి మౌస్ కదిపితే లైన్ నిలిచిపోయేది. మోడెం పాపం ఏ తప్పూ చేయలేదు. దాని కార్డు మీది జంపర్ అనే చిన్న క్లిప్పును ఇంటరప్ట్ 5కి మార్చాలి. సౌండ్ కార్డు అప్పటికే 5 మీద కూర్చుని ఉంటే ఇంకోటి వెతుక్కోవాలి.

ఇక్కడే సెట్‌సీరియల్ కమాండ్ గురించి ఓ మాట. దాంతో ఇంటరప్ట్ 5 అని ఇస్తే కార్డు మారిపోతుందని చాలామంది అనుకునేవారు. మారదు. కార్డు ఎక్కడుందో అది డ్రైవర్‌కి, అంటే ఆ పోర్టును నడిపే కెర్నల్ ప్రోగ్రాముకి చెబుతుంది, అంతే. తప్పు చెబితే డ్రైవర్ తప్పే నమ్ముతుంది.

తర్వాతి చిక్కు స్పీడు. సెకనుకు 115200 బిట్ల వేగంలో, అక్షరానికి పది బిట్ల లెక్కన, సెకనుకు 11520 అక్షరాలు వస్తాయి, అంటే ఒక్కోదానికి 87 మైక్రోసెకన్లు. సీరియల్ పోర్టును నడిపే పాత 16450 చిప్‌లో వచ్చిన అక్షరం దాచుకోవడానికి ఒక్కటే చోటు. కెర్నల్ దాన్ని తీసేలోపు తర్వాతిది వచ్చేస్తే ముందుది గల్లంతు. తర్వాతి చిప్ 16550ఏలో 16 అక్షరాలు దాచుకునే బఫర్ ఉంటుంది కాబట్టి కాస్త ఊపిరి తీసుకోవచ్చు. డిస్క్ లైటు వెలిగినప్పుడల్లా డౌన్‌లోడ్‌లో తప్పులొస్తుంటే, డిస్క్ డ్రైవర్ ఇంటరప్టులను ఆపి ఉంచుతోందన్నమాట. డిస్క్ సెట్టింగులు మార్చే హెచ్‌డీపార్మ్ కమాండ్‌తో దాన్ని సడలించొచ్చు. కానీ కొన్ని పాత కంట్రోలర్ల మీద అలా చేస్తే డిస్క్‌లోని డేటాకే ముప్పు, చూసుకుని చేయండి. 'కాస్త ఆగు, ఇప్పుడు పంపు' అని ఇరువైపులా చెప్పుకునే ఫ్లో కంట్రోల్ కూడా హార్డ్‌వేర్‌దే పెట్టుకోండి.

నాకు అన్నిటికన్నా తమాషాగా అనిపించేది గెట్టీ కథ. బయటి నుంచి కాల్ వస్తే లాగిన్ అడగడం గెట్టీ పని. అవతలి మోడెంతో లైన్ కలిసిందని చెప్పే క్యారియర్ సిగ్నల్‌ను మోడెం ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచితే, ఎవరో వచ్చారనుకుని గెట్టీ 'లాగిన్' అంటుంది. ఎకో ఆన్‌లో ఉన్న మోడెం ఆ మాటనే తిరిగి పంపుతుంది. గెట్టీ దాన్నే యూజర్ పేరనుకుని పాస్‌వర్డ్ అడుగుతుంది. రెండూ అలా ఊసులాడుకుంటూనే ఉంటాయి, చివరికి గెట్టీని మళ్లీ మళ్లీ మొదలుపెట్టే ఇనిట్ అనే ప్రోగ్రాము విసుగెత్తి ఐదు నిమిషాలు ఆ లైన్‌ను ఆపేస్తుంది. మందు: ఈ0 (ఎకో ఆపడం), క్యూ1 (జవాబులు ఆపడం), అండ్‌సీ1 (లైన్ నిజంగా కలిసినప్పుడే క్యారియర్ చూపడం), అండ్‌డీ2 (కంప్యూటర్ సిగ్నల్ దించితే లైన్ పెట్టేయడం) ఇచ్చి మోడెంలో సేవ్ చేయడం. అయితే క్యూ1 పెట్టాక మోడెం 'ఓకే' కూడా చెప్పదు. బయటికి డయల్ చేసే స్క్రిప్టులో ముందు జవాబులు మళ్లీ వచ్చేలా క్యూ0 పంపాలి.

1990ల చివర్లో వచ్చిన విన్‌మోడెంల మీద మాత్రం ఇవేవీ పనిచేయవు. వాటిలో మోడెం చేయాల్సిన లెక్కలు విండోస్ డ్రైవరే చేసేది. పెట్టె మీద 'విండోస్ తప్పనిసరి' అని ఉంటే కొనకుండా, సీరియల్ కేబుల్‌తో బయట పెట్టుకునే మోడెం తెచ్చుకోవడమే అప్పట్లో మేం ఇచ్చిన సలహా.

ఇక మీ ప్రశ్నలు అడగండి.