అమ్మ అడిగిన ప్రశ్న

నమస్కారమండీ. సంక్రాంతికి డాలస్ నుంచి అంబాజీపేట దగ్గరున్న మా ఊరు వచ్చాను. జగ్గన్నతోట ప్రభల తీర్థం అయిపోయింది, చుట్టాలంతా వెళ్లిపోయారు. బోసిపోయిన ఇంటి అరుగు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఏళ్ల తర్వాత 'లైఫ్ ఈజ్ స్ట్రేంజ్' మళ్లీ మొదలుపెట్టాను.

పారిస్‌కు చెందిన డోంట్‌నాడ్ సంస్థ 2015లో ఐదు భాగాలుగా విడుదల చేసిన ఆట ఇది. మ్యాక్స్ అనే ఫొటోగ్రఫీ విద్యార్థినికి కాలాన్ని వెనక్కి తిప్పే శక్తి వస్తుంది. స్నేహితురాలు క్లోయీ కావాలా, సుడిగాలి ముంచుకొస్తున్న ఆర్కేడియా బే ఊరు కావాలా అన్నది ఆఖరున మనమే తేల్చాలి. అంతవరకూ మనం తీసుకున్న నిర్ణయాలన్నీ ఆ ఒక్క ప్రశ్నతో గంగలో కలిశాయని చాలామందికి కోపం. నాకూ అదే కోపం. అప్పట్లో క్షణమైనా తటపటాయించకుండా క్లోయీనే కాపాడుకున్నాను.

కానీ అప్పుడు ఆ ఊళ్లో ఎవరినీ నేను సరిగా పలకరించనే లేదు. రెండో భాగంలో కేట్ అనే అమ్మాయి చనిపోదామని హాస్టల్ మేడ అంచుకు వెళ్తుంది. అక్కడ మ్యాక్స్ శక్తి పనిచేయదు. కేట్ గురించి మనకు ఏం తెలుసో అదే ఆధారం. పోయినసారి ఆమె గదిలోకి వెళ్లి, పని చూసుకుని వచ్చేశాను. ఆమె దక్కలేదు. ఈసారి ఆ గదిలో చాలాసేపు ఉన్నాను. వయొలిన్, కుందేలు, ఇంటివాళ్ల సంగతులు, అన్నీ చూశాను. మేడ మీద చెల్లెళ్ల మాట ఎత్తాను. కేట్ నా చేయి అందుకుంది. నాకు కళ్లు చెమర్చాయి.

చివరి భాగానికి అమ్మ కొబ్బరి కోరుతూ పక్కన కూర్చుంది. మళ్లీ క్లోయీనే ఎంచుకున్నాను. కూలిన ఇళ్ల మధ్య నుంచి వాళ్ల ట్రక్కు మౌనంగా వెళ్లిపోయింది.

"ఆ ఇళ్లలో వాళ్లు ఏమయ్యారమ్మా?"

"చూపించరమ్మా."

అమ్మ కోరాం పక్కన పెట్టింది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చేసిన గాలివాన నాకు చప్పుడుగా మాత్రమే గుర్తు. తెల్లవారేసరికి మా తోటలో కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపుకు పడి ఉన్నాయట. "మీ నాన్న చెట్ల వైపు చూడనైనా లేదు. ఒక్కో గుమ్మం దగ్గరా ఆగి పేరు పెట్టి పిలిచారు. లోపలి నుంచి జవాబు వచ్చాకే పక్కింటికి కదిలారు" అంది.

ఎంపికలు వృథా అయ్యాయన్న నా పాత కోపం ఇప్పుడు లేదు. ఆ ట్రక్కు ఒక్క గుమ్మం దగ్గరైనా ఆగకపోవడమే నాకు మింగుడుపడటం లేదు.