ఈ పిక్చర్ లైట్ కింద ఫోటో ప్రింట్: రంగులు అదిరాయి, ఆర్మ్ దగ్గరే చిక్కు

అందరికీ నమస్కారం. ఫ్రేము పైన బిగించి ఫోటో మీద వెలుగు వేసే ఈ పిక్చర్ లైట్‌ని కంపెనీ వాళ్లే రివ్యూ కోసం ఉచితంగా పంపారు. డబ్బులు తీసుకోలేదు, వీడియో వాళ్లకి ముందుగా చూపించలేదు. వాట్లు, కొలతలు మీరు ఈపాటికి చూసే ఉంటారు, వాటి జోలికి వెళ్లను. దీని కింద ప్రింట్ ఎలా కనిపిస్తుందో చూద్దాం.

ముందు ఎరుపు సంగతి. డబ్బా మీద సీఆర్ఐ 95 అని ఉంది. లైట్ కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె అది. ఆ ఒక్క అంకె చూసి ఏ లైటూ కొనకండి. అది ఎనిమిది లేత రంగుల మీద తీసిన సగటు. ముదురు ఎరుపు అందులో ఉండదు, దాన్ని ఆర్9 పేరుతో విడిగా చెప్తారు. నా పాత ఎల్ఈడీకి ఆర్9 బాగా తక్కువ. దాని కింద పోర్ట్రెయిట్లలో మనుషులు జ్వరం పడి లేచినట్టు కనిపించేవాళ్లు. ఇదిగో అదే ప్రింట్, ఇప్పుడు కొత్త లైట్ వేస్తున్నా. చెవి అంచు చూడండి. వెనక నుంచి ఎండ పడిన చోట ఆ ఎరుపు ఎలా బయటికొచ్చిందో! నాకైతే ప్రాణం లేచొచ్చింది.

ఇంకో చిన్న మాట. ఎల్ఈడీలో అతినీలలోహిత కిరణాలు దాదాపు ఉండవు. బ్రైటెనర్లు, అంటే ఆ కిరణాలు తగిలితే పేపర్‌ని ఇంకా తెల్లగా చూపించే రసాయనాలు, కలిపిన పేపర్ కిటికీ దగ్గర కన్నా ఇక్కడ కాస్త పసుపుగా కనిపిస్తుంది. అది లైట్ లోపం కాదు.

ఇక నా కోపమంతా ఆర్మ్ మీద, అంటే లైట్‌ని ముందుకి పట్టుకునే కడ్డీ మీద. మరీ పొట్టి! గ్యాలరీల్లో వెలుగు నిలువు నుంచి సుమారు 30 డిగ్రీల కోణంలో పడేలా చూస్తారు. ఎక్కువ వాలిస్తే ప్రింట్ మీద మెరుపు కొడుతుంది, మరీ నిటారుగా వేస్తే పేపర్ గరుకు తేలుతుంది. ఇక్కడ ఆర్మ్ పొట్టి కాబట్టి వెలుగు గోడని రాసుకుంటూ దిగుతోంది. నిగనిగలాడే బరైటా పేపర్ మీద మెరుపు రాలేదు, అది మంచిదే. కానీ ఈ కాటన్ రాగ్, అంటే గరుకుగా ఉండే నూలు పేపర్, ప్రింట్ దగ్గరికి రండి. నున్నగా ఉండాల్సిన ఆకాశంలో ప్రతి చిన్న బొడిపెకీ ఒక నీడ. ఫోటో కన్నా ముందు పేపర్ కనిపిస్తోంది.

పైగా పైభాగం వెలిగిపోతుంటే అడుగున మసక. ఈ ఫోటోలో అసలు విషయమంతా అడుగునే ఉంది, చెట్టు వేర్ల మధ్య నీడల్లో. ప్రింట్లని నిశితంగా పోల్చడానికి ఐఎస్ఓ 3664 ప్రమాణం చెప్పేది 2000 లక్స్ (లక్స్ అంటే ఒక చోట ఎంత వెలుగు పడుతోందో చెప్పే కొలత). రంగులు వెలిసిపోకుండా మ్యూజియంలు సున్నితమైన ఫోటోలకి 50 లక్స్ దగ్గర ఆపేస్తాయి. 2000 లక్స్‌లో విడివిడిగా కనిపించిన నీడలు, 50 లక్స్‌లో ఒకే నలుపు ముద్దగా కలిసిపోతాయి. ఇక్కడ ఒకే ప్రింట్‌లో పైన ఒక వెలుగు, కింద ఇంకో వెలుగు!

అందుకే పెద్ద ప్రింట్ మీద నుంచి దీన్ని తీసేశాను. చిన్న పోర్ట్రెయిట్ మీద మాత్రం ఉంచుతున్నా, ఆ ఎరుపుని వదులుకోలేను. పెద్ద ఫ్రేములున్నవాళ్లు ఇది తీసుకోకండి. సీలింగ్‌కి ట్రాక్ లైట్, అంటే పట్టీ మీద జరుపుకుంటూ తిప్పుకోగలిగే లైట్, పెట్టించి కోణం సరిచూసుకోండి. కంపెనీ వాళ్లు ఇదే లైట్‌కి పొడుగు ఆర్మ్ ఇస్తే, ఈసారి శాంపిల్ అక్కర్లేదు, నేనే కొనుక్కుంటాను.