పాయింట్ల పుస్తకం

(హైదరాబాద్‌లో ఒక కాలనీ టేబుల్ టెన్నిస్ పోటీల బహుమతి ప్రదాన సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు సెక్రటరీ గారు ఇప్పటికే రెండుసార్లు చదివారు, నేను మళ్లీ చదవను. అయిదు నిమిషాలు మాట్లాడమన్నారు. నా వయసువాడికి మైకు ఇచ్చి అయిదు నిమిషాలంటే ఎలా అవుతుందో మీకూ తెలుసు.

ఇందాక అండర్-15 ఫైనల్లో ఓడిన అమ్మాయి మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. ఏడాదంతా సాయంత్రం సెల్లార్‌లోకి ఎప్పుడు దిగినా టేబుల్ దగ్గర ఆ అమ్మాయే కనిపించేది. ఇవాళ ఒక్క అరగంట చెయ్యి ఆడలేదు. అంతే, ఏడాది ఆట ఎటు పోయిందో తెలీదు.

అంతర్జాతీయ ఆటలో ఈ బాధకు 1996లోనే ఒక మందు కనిపెట్టారు. ప్రో టూర్ గ్రాండ్ ఫైనల్స్ అని పేరు పెట్టి, మొదటిది చైనాలోని టియాంజిన్‌లో ఆడించారు. ఇప్పుడు దాని స్థానంలో డబ్ల్యూటీటీ, అంటే వరల్డ్ టేబుల్ టెన్నిస్ ఫైనల్స్ జరుగుతున్నాయి. దీనికి ఎంట్రీ ఫీజు కట్టి పేరు రాయించుకుంటే కుదరదు. ఏడాది పొడవునా దేశాలు తిరిగి ఆడి పాయింట్లు పోగేసుకోవాలి. ఆ టోర్నీల్లో పెద్దా చిన్నా అంతస్తులున్నాయి: గ్రాండ్ స్మాష్ గెలిస్తే 2000, చాంపియన్స్ అయితే 1000, స్టార్ కంటెండర్‌కు 600, కంటెండర్‌కు 400. సీజన్ చివర లెక్క తీసి సింగిల్స్‌లో 16 మంది మగవాళ్లను, 16 మంది ఆడవాళ్లను పిలుస్తారు. అక్కడ నాకౌటే. నాలుగు మ్యాచులు వరసగా గెలిస్తే టైటిల్, 1500 పాయింట్లు.

"అక్కడా ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే కదా సార్" అంటారు. ఇంటికే. కానీ ఆ పదహారులో ఒకరన్న సంగతి ఎవరూ చెరపలేరు. 2025లో మానుష్ షా, దియా చితలే ట్యూనిస్‌లో కంటెండర్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచి, ఆ డిసెంబర్లో హాంకాంగ్ ఫైనల్స్‌కు వెళ్లారు. మన దేశం నుంచి ఆ ఫైనల్స్‌కు అర్హత పొందిన మొదటి జోడీ. మిక్స్‌డ్‌లో ఎనిమిది జోడీలను రెండు గ్రూపులు చేశారు. మనవాళ్లు గ్రూపు దాటలేదు. దాటలేదు సరే, వెళ్లారా లేదా? మన హైదరాబాద్ ఆకుల శ్రీజ 2024లో నైజీరియాలోని లాగోస్‌లో కంటెండర్ సింగిల్స్ గెలిచింది. అంత దూరం వెళ్లి గెలిస్తే 400. ఒక్కో పాయింటు వెనక ఎంత విమానం చార్జీ ఉందో లెక్కేసుకోండి.

వెనక వరసలో బాబూ, సమోసాలు ఎక్కడికీ పోవు, కాసేపు వినండి.

1983లో నాకు పదిహేడేళ్లు. అప్పుడు గేము 21 పాయింట్లు, ఒక్కొక్కరికి అయిదేసి సర్వీసులు. ఆ ఏడాది ఊళ్లో ఏ హాల్లో ఆడినా సెమీస్‌కు తగ్గలేదు నేను. జట్టు ఎంపిక మాత్రం ఒకే ఒక్క రోజు. ఆ రోజు వాన. బస్సు నారాయణగూడ దగ్గర ఆగిపోయింది. తడిసిన బూట్లతో పరుగెత్తుకెళ్లి వార్మప్ లేకుండా టేబుల్ దగ్గర నిలబడ్డాను. మూడో గేము, 19-20. నేను కొట్టిన బంతి అవతల ఎడ్జ్, అంటే టేబుల్ అంచు, తగిలి కిందికి జారింది. తగిలింది! చప్పుడు నాకు వినిపించింది, అవతలి కుర్రాడికీ వినిపించింది. అంపైర్ గారికి వినిపించలేదు. అంతే, 19-21. ఆయన మీద నాకిప్పుడు కోపం లేదు... ఉంది, కొంచెం ఉంది. కానీ అసలు కోపం ఆ పద్ధతి మీద. పన్నెండు నెలల ఆటను ఒక్క ఎడ్జ్ బంతి మింగేసింది.

పాయింట్ల పద్ధతి పుణ్యమూర్తి అని చెప్పడం లేదు. టోర్నీకి రాకపోతే జరిమానా అనేసరికి, 2024 డిసెంబర్లో చైనా ఆటగాళ్లు ఫాన్ జెన్‌డాంగ్, చెన్ మెంగ్ ర్యాంకింగుల నుంచే తప్పుకుంటున్నామన్నారు. ఇద్దరూ ఆ ఏడాది పారిస్‌లో ఒలింపిక్ సింగిల్స్ స్వర్ణాలు గెలిచినవాళ్లు! ఆడించడం వేరు, అరగదీయడం వేరు. మనం జరిమానాలు వెయ్యం, ఆ మాట ప్రెసిడెంట్ గారి తరఫున నేనే ఇస్తున్నాను.

ఏం చేద్దామంటే, నెలకో ఆదివారం పోటీ పెడదాం. గెలిస్తే పది, రన్నరప్‌కు ఆరు, సెమీస్‌కు మూడు. ఏడాది చివర మొదటి ఎనిమిది మందికే ఫైనల్స్. జ్వరం వచ్చి ఒక నెల రాకపోయినా మిగతా నెలల పాయింట్లు ఎక్కడికీ పోవు. సెల్లార్‌లో ఆ టేబుల్ మీద పెట్టిన పాత కూలర్లు మాత్రం రేపే తీయించాలి. తలలు ఊపడం కాదు, తీయించాలి.

కమిటీ తీర్మానం అయ్యేదాకా ఆగేవాణ్ని కాదు నేను. ఇదిగో, 200 పేజీల నోటుబుక్కు, నిన్న కోఠీలో కొన్నాను. ఇవాళ్టి పోటీతోనే మొదలు. మొదటి పేజీ... రన్నరప్, ఆరు పాయింట్లు. అమ్మా, ఆ మెట్ల మీంచి లేచి ఒకసారి ఇలా రా తల్లీ. నీ ఇంటిపేరు ఏంటి?