ఆపరేషన్ ఫలితం ఎప్పుడు తెలుస్తుంది?

సభలో ఉన్న పెద్దలకు, నర్సింగ్ చదువుతున్న అమ్మాయిలకు, మెడికల్ కాలేజీ నుంచి వచ్చిన పిల్లలకు నమస్కారం.

థియేటర్ తలుపు తీసుకుని నేను బయటికి రాగానే బెంచీల మీద కూర్చున్నవాళ్ళు లేచి అడిగే మాట ఒకటే. "సక్సెస్ అయిందా సార్?" బాగా జరిగిందమ్మా అంటాను. అది అబద్ధం కాదు. రక్తం ఎక్కువ పోలేదు, చేయాలనుకున్న పని చేశాం, పేషెంటు మత్తులోంచి లేస్తున్నాడు అని దానర్థం. కానీ సక్సెస్ అయిందో లేదో ఆ నిమిషానికి నాకూ తెలియదు. కుట్లు చీము పట్టాయా అన్నది నెల రోజుల్లో తెలుస్తుంది. కోత వేసిన చోట హెర్నియా దిగిందా అన్నది ఏడాదికో రెండేళ్ళకో తెలుస్తుంది. క్యాన్సర్ అయితే అయిదేళ్ళు ఆగాలి.

సర్జరీలో పరిశోధన అనగానే మనకు కొత్త మెషీన్లు, రోబోలు గుర్తుకొస్తాయి. అసలు పరిశోధనలో ఎక్కువ భాగం డిశ్చార్జి అయిన మనిషి ఇంట్లో ఏమయ్యాడో లెక్కపెట్టడమే. వినడానికి గొప్పగా ఉండదు. కానీ ఆ లెక్క సరిగ్గా వేసిన ప్రతిసారీ మా నమ్మకాల్లో ఏదో ఒకటి తలకిందులవుతోంది. ఈ సాయంత్రం అలాంటివి కొన్ని చెబుతాను.

ముందు మన సంగతి. పలమనేరు నుంచో పుంగనూరు నుంచో ఒకాయన తిరుపతి వచ్చి, ఏదో ఒక ఆసుపత్రిలో కడుపు ఆపరేషన్ చేయించుకుని అయిదో రోజు ఇంటికి పోతాడు. పదో రోజు కుట్ల దగ్గర ఎర్రబడి నీరు కారుతుంది. దానికోసం మళ్ళీ తిరుపతి బస్సెక్కుతాడా? ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతాడు. ఆయన రెండు కుట్లు విప్పి, డ్రెస్సింగ్ చేసి, ఇంజెక్షన్ వేస్తాడు. మూడు వారాలకు మానుతుంది. ఆసుపత్రి రికార్డులో మాత్రం ఈయన ఏ ఇబ్బందీ లేకుండా ఇంటికి వెళ్ళిన మనిషి. ఇలాంటివాళ్ళు ఎంతమందో ఆ రికార్డు చెప్పలేదు. అందుకే "మా దగ్గర ఇన్‌ఫెక్షన్లే రావు" అని ఎవరైనా అంటే, "నెల తర్వాత ఎంతమందిని అడిగారు సార్?" అని అడగండి. డాక్టర్ని అలా అడగొచ్చా అంటారేమో. నిక్షేపంగా అడగొచ్చు.

చీటా అనే ఒక ట్రయల్ ఉంది. ట్రయల్ అంటే రెండు పద్ధతుల్లో ఏది మేలో పేషెంట్లలో పోల్చి చూసే పరీక్ష. 2022లో దాని ఫలితాలు లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. మన దేశంతో పాటు బెనిన్, ఘనా, మెక్సికో, నైజీరియా, రువాండా, దక్షిణాఫ్రికా, మొత్తం 7 దేశాల్లో 81 ఆసుపత్రులు, 13,301 మంది పేషెంట్లు. అన్నీ కడుపు ఆపరేషన్లే. పరీక్షించింది చాలా చిన్న విషయం. లోపలి పని అయిపోయి కోత మూసే ముందు టీమంతా గ్లౌజులు మార్చుకోవాలి, కుట్లకు వాడే పరికరాలు కొత్త సెట్టులోంచి తీసుకోవాలి. అంతే. పేగుల దగ్గర పనిచేసిన చేతులతోనే చర్మం కుట్టకూడదన్నమాట. ఇది మా అమ్మమ్మకు చెప్పినా "అందులో వింతేముంది" అనేది. కానీ అప్పటిదాకా ఎవరూ ఇంత పెద్ద ఎత్తున లెక్కతీయలేదు. 30 రోజులు వెంటాడి చూస్తే మామూలు పద్ధతి పాటించిన ఆసుపత్రుల్లో నూటికి 18.9 మందికి కోత ఇన్‌ఫెక్షన్ వచ్చింది, గ్లౌజులు మార్చినచోట 16 మందికి.

నూటికి ముగ్గురేనా అనిపిస్తుంది. ఏడాదికి వెయ్యి కడుపు ఆపరేషన్లు జరిగే పెద్దాసుపత్రిలో అది సుమారు ముప్పై మంది. చీము పట్టిన ఒక్కో మనిషికీ కొన్ని వారాల కూలి పోతుంది, డ్రెస్సింగుల ఖర్చు పడుతుంది, తోడు ఉన్నవాళ్ళ కూలి కూడా పోతుంది. కొన్ని జతల గ్లౌజులు, ఇంకో సెట్టు పరికరాలు, ఆ ఖర్చుకు ఇంత లాభం వచ్చే మందు నాకు తెలిసి ఇంకోటి లేదు.

ఇదే బృందం అంతకు ముందు ఏడాది, అంటే 2021లో, ఫాల్కన్ అనే ఇంకో ట్రయల్ ఫలితాలు చెప్పింది. అందులో 5,788 మంది. కోతకు ముందు చర్మం తుడవడానికి బెటాడిన్ లాంటి అయోడిన్ మందు మంచిదా, క్లోర్‌హెక్సిడిన్ కలిపిన ఆల్కహాల్ మంచిదా? కుట్లకు మామూలు దారమా, క్రిములను చంపే ట్రైక్లోసాన్ పూత ఉన్న ఖరీదైన దారమా? 2016 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలు ఆ క్లోర్‌హెక్సిడిన్ వైపు, ఆ పూత దారం వైపు మొగ్గాయి. ఫలితం ఏమిటంటే ఏది వాడినా తేడా లేదు. నూటికి సుమారు 22 మందికి ఇన్‌ఫెక్షన్ వచ్చింది, ఈ పక్కా ఆ పక్కా అంతే. మా రూములకు బ్యాగులు తగిలించుకుని వచ్చే మెడికల్ రెప్రజెంటేటివ్‌లు ఈ ట్రయల్ గురించి ఎప్పుడూ ఎత్తరు. ఎందుకో మీరే ఊహించుకోండి.

కల్యాణకట్ట ఉన్న ఊళ్ళో ఈ తర్వాతి మాట చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉంది. ఆపరేషన్‌కు ముందు రోజు రాత్రి రేజర్‌తో వెంట్రుకలు గొరగడం మంచిది కాదు. కెనడాలోని కాల్గరీలో క్రూస్, ఫూర్డ్ అనే ఇద్దరు 23,649 గాయాలను లెక్కగట్టి 1973లోనే చెప్పారు. గొరిగినవాళ్ళలో నూటికి 2.3 మందికి ఇన్‌ఫెక్షన్, అసలు ముట్టుకోనివాళ్ళలో 0.9. రేజర్ చర్మం మీద కంటికి కనిపించని గాట్లు పెడుతుంది, క్రిములు అక్కడ కాపురం పెడతాయి. అడ్డుగా ఉంటే క్లిప్పర్‌తో కత్తిరిస్తే చాలు. యాభై ఏళ్ళు దాటినా ముందు రోజు సాయంత్రం వార్డుకు బార్బర్‌ను పిలిపించే అలవాటు చాలాచోట్ల పోలేదు. స్వామికి తలనీలాలు ఇవ్వండి, కోత వేసే చోటును మాత్రం మాకు వదిలేయండి.

యాంటీబయాటిక్ సంగతీ అంతే. కోత పెట్టే ముందు రెండు గంటల లోపల ఒక డోసు పడాలి. ఇన్‌ఫెక్షన్ లేని మామూలు ఆపరేషన్‌కు ఆ తర్వాత వారం రోజులు మాత్రలు మింగితే అదనపు లాభం లేదు. అపెండిక్స్ పగిలి కడుపంతా చీము నిండిన కేసు వేరు, అక్కడ అది వైద్యం. కానీ మాత్రలు రాయకుండా పంపితే "ఈయన సరిగ్గా చూళ్ళేదు" అని మీరు అనుకుంటారు. అందుకని మాలో కొందరు రాసేస్తారు. ఇది ఇద్దరం కలిసి మానుకోవాల్సిన అలవాటు.

కుట్టు వేసే తీరు మీద కూడా ట్రయల్ ఉందంటే ఆశ్చర్యపోతారు. నెదర్లాండ్స్‌లో 560 మంది మీద చేశారు, 2015లో ఫలితం వచ్చింది. కడుపు మధ్య కోతను మూసేటప్పుడు ఒక సెంటీమీటరు ఎడంలో పెద్ద కుట్లు వేస్తే ఏడాదికి నూటికి 21 మందికి హెర్నియా వచ్చింది. అర సెంటీమీటరు ఎడంలో చిన్న కుట్లు వేస్తే 13 మందికి. అదనంగా పట్టిన టైమ్ నాలుగు నిమిషాలు. ఇక్కడ కూర్చున్న పీజీ విద్యార్థులకు ఒక మాట. రాత్రి రెండు గంటలకు చివరి కేసు మూసేటప్పుడు ఆ నాలుగు నిమిషాలు చాలా బరువుగా ఉంటాయి. నాకు తెలుసు. అయినా వేయండి.

ఇప్పుడు అపెండిసైటిస్. మన పల్లెల్లో "ఇరవై నాలుగు గంటల కడుపునొప్పి" అంటారు, ఆ లోపల కోయించకపోతే ప్రాణం మీదికి వస్తుందని. నేను చదువుకున్నప్పుడు మాకూ దాదాపు అదే పాఠం. ఫిన్లాండ్‌లో 530 మందితో ఒక ట్రయల్ చేశారు, 2015లో మొదటి ఫలితాలు వచ్చాయి. పగలని మామూలు అపెండిసైటిస్‌కు యాంటీబయాటిక్స్ మాత్రమే ఇచ్చి చూస్తే, ఏడాదిలో నూటికి 27 మందికి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. అయిదేళ్ళకు అది 39 దాకా పెరిగింది. అమెరికాలో 1,552 మందితో చేసిన కోడా ట్రయల్ 2020లో వచ్చింది. 90 రోజుల్లో 29 శాతం మంది ఆపరేషన్‌కు తిరిగొచ్చారు. అపెండిక్స్‌లో గట్టిపడిన చిన్న రాయి ఉన్నవాళ్ళలో అది 41 శాతం. మూడు నాలుగేళ్ళ దాకా చూస్తే దాదాపు సగం మంది ఆపరేషన్ చేయించుకున్నారు.

దీన్ని గెలుపు అనాలా ఓటమి అనాలా? సగం మందికి కోత తప్పిందని కొందరు, సగం మందికి రెండోసారి తిప్పలని కొందరు. నన్నడిగితే జవాబు పేషెంటు ఇంటి అడ్రసు మీద ఆధారపడుతుంది. ఆ ట్రయల్స్‌లో స్కాన్ తీసి నిర్ధారించుకుని మరీ మందులిచ్చారు, నొప్పి తిరగబెడితే ఆసుపత్రికి రావడానికి వాళ్ళకు దారి ఉంది. తిరుపతి టౌన్లోనే ఉండి, స్కాన్‌లో రాయి లేదని తేలి, వారంలో పరీక్ష రాయాల్సిన కుర్రాడైతే మందులతో చూద్దాం అంటాను. బంగారుపాళ్యం దాటి లోపల పల్లెలో, రాత్రిపూట ఆటో కూడా దొరకని చోట ఉండే మనిషైతే ఆపరేషన్ చేయించుకుని వెళ్ళమంటాను. ట్రయల్ అంకెలు ఇద్దరికీ ఒకటే, బతుకులు ఒకటి కావు. కడుపునొప్పి వచ్చింది కదా అని మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొనుక్కుని మింగడం మాత్రం ఈ ట్రయల్స్‌లో ఎక్కడా లేదు.

నాకు బాగా ఇష్టమైన పరిశోధన మన దేశానిదే. ముంబైలోని టాటా మెమోరియల్‌లో డాక్టర్ రాజేంద్ర బడ్వే నాయకత్వంలో జరిగింది. దేశంలోని 11 కేంద్రాల్లో రొమ్ము క్యాన్సర్ ఉన్న 1,600 మంది మహిళలు అందులో చేరారు. సగం మందికి ఆపరేషన్‌కు ఏడు నుంచి పది నిమిషాల ముందు గడ్డ చుట్టూ లిగ్నోకెయిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. పన్ను పీకేముందు చిగుళ్ళకు ఇచ్చే మత్తుమందు ఇదే. మిగతా సగం మందికి ఇవ్వలేదు. అయిదేళ్ళ తర్వాత చూస్తే ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో బతికున్నవారు 90.1 శాతం, తీసుకోనివాళ్ళలో 86.4 శాతం. 2022లో డాక్టర్ల సభలో చెప్పారు, 2023లో అచ్చయింది. గడ్డను కదిపే ఆ కొద్దిసేపట్లో క్యాన్సర్ కణాలు చెదరకుండా ఈ మందు అడ్డుకుంటుందని వాళ్ళ ఆలోచన. కారణం అదేనా అన్నది ఇంకా తేలాలి, ఇంకొకరు చేసి చూసినప్పుడే నమ్మకం గట్టిపడుతుంది. అయినా వంద రూపాయలు కూడా కాని మందుతో ఈ తేడా వచ్చింది. ఈ మందు మీద పేటెంటు ఎవరికీ లేదు, లాభం వచ్చే కంపెనీ లేదు. అందుకే ఏ ఫ్లెక్సీ మీదా మీకు దీని బొమ్మ కనిపించదు.

ఫ్లెక్సీల మీద కనిపించే రోబో గురించి రెండు ముక్కలు. 2017లో పది దేశాల ట్రయల్‌లో మలద్వారం పైభాగపు క్యాన్సర్‌కు రోబోతో చేసినా చిన్న రంధ్రాల ద్వారా చేసే మామూలు ల్యాపరోస్కోపీతో చేసినా, మధ్యలో పెద్ద కోతకు మారాల్సిన అవసరంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తర్వాత చైనాలో జరిగిన పెద్ద ట్రయల్ రోబోకు అనుకూలంగా వచ్చింది. కాబట్టి తీర్పు ఇంకా నడుస్తోంది. చిన్న కోత అయితే మేలే అన్న నమ్మకానికి గట్టి దెబ్బ తగిలింది మాత్రం 2018లో. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు చిన్న రంధ్రాల ద్వారా ఆపరేషన్ చేసిన స్త్రీలలో, పెద్ద కోత పెట్టినవాళ్ళకంటే జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. చర్మం మీద మచ్చ చూసి లోపలి ఫలితం చెప్పలేం.

చివరగా, మిమ్మల్ని ఎవరైనా ట్రయల్‌లో చేరతారా అని అడిగితే. "మా మీద ప్రయోగాలు చేస్తారా" అన్న టెన్షన్ సహజం. రెండు పద్ధతుల్లో ఏది మంచిదో నిజంగా తెలియనప్పుడే, నాణెం ఎగరేసినట్టు సగం మందికి ఒకటి, సగం మందికి ఇంకోటి చేస్తారు. డాక్టరు ఇష్టం వచ్చినట్టు ఎంచుకుంటే బలంగా ఉన్నవాళ్ళంతా ఒకవైపు చేరిపోతారు, లెక్క తప్పుతుంది. మీకు అర్థమయ్యే తెలుగులో రాసిన కాగితం ఇవ్వాలి. ఇంటికి తీసుకెళ్ళి చదువుకుంటానని అడగండి. చేరాక ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకున్నారని వైద్యం ఆపకూడదు. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా అని అడగండి. మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007లో మొదలైంది, 2009 జూన్ నుంచి ట్రయల్స్‌ను ముందే అందులో నమోదు చేయడం తప్పనిసరి. ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే మొహం చిట్లించేవాళ్ళ దగ్గర సంతకం పెట్టకండి.

ట్రయల్‌లో లేకపోయినా ఒక పని చేయొచ్చు. అడ్మిషన్ రోజు పనిచేసే ఫోన్ నంబరు ఇవ్వండి, మనవడిదైనా సరే. నెల రోజులకు ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తే "బాగున్నానండీ" అని పెట్టేయకుండా, ఆర్‌ఎంపీ దగ్గర కుట్టు విప్పించుకున్నది కూడా చెప్పండి. మేమేమీ కోప్పడం.

వెనక వరుస నుంచి రెండు చీటీలు వచ్చాయి. ఆపరేషన్ అయ్యాక పప్పు తింటే చీము పడుతుందా అని ఒకరు. పట్టదమ్మా. గాయం మానడానికి కావలసింది మాంసకృత్తులే. పప్పు, గుడ్డు, పెరుగు పెట్టండి, సుగర్ ఉంటే అదుపులో ఉంచండి. బీడీ ఎన్ని రోజుల ముందు మానాలి అని ఇంకొకాయన. డెన్మార్క్‌లో మోకాలు, తుంటి మార్పిడికి వచ్చిన 120 మందిలో సగం మంది చేత ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే సిగరెట్ మాన్పించడమో తగ్గించడమో చేశారు. ఆ సగం మందిలో నూటికి 18 మందికి ఇబ్బందులు వచ్చాయి, మిగతావాళ్ళలో 52 మందికి. నెల రోజులు ముందు మానినా మేలే. మిగతావి మైకులో అడగండి, మైకు అటువైపు ఇవ్వండి బాబూ.