చేను చూడని గుత్త

సభకు నమస్కారం. ఇందాక ఈ హాలు మెట్ల దగ్గర ఆఖరి సంవత్సరం విద్యార్థి ఒకరు ఫోన్ చూపించి, బెంగళూరు నుంచి తొలి ఫ్రీలాన్స్ పని (ఉద్యోగంలో చేరకుండా విడిగా చేసిపెట్టే పని) వచ్చిందనీ, నాలుగు వారాలకు 20,000 రూపాయలు ఇస్తామంటున్నారనీ, ఒప్పుకోవచ్చునా అనీ అడిగారు.

మన అనంతపురం పల్లెల్లో బుడ్డలు, అంటే వేరుశనగ, పీకే పనిని గుత్తకు మాట్లాడుకునేవాళ్లు ముందు చేనులోకి దిగి, రెండు చెట్లు పీకి, నేలలో పదునుందో, గట్టిపడిందో చూసుకొని గానీ ధర చెప్పరు. ఇంజనీరింగ్ చదివిన మనం మాత్రం చేను చూడకుండానే తల ఊపుతాం. నేనూ ఊపినవాణ్ణే. ఒక దుకాణానికి బిల్లుల ప్రోగ్రాం రాసేందుకు 15,000 రూపాయలకు ఒప్పుకున్నాను. 60 గంటల పని అనుకున్నాను కనుక గంటకు 250 రూపాయలు పడుతుందని, అది దండిగా ఉందని సంబరపడ్డాను. ఒప్పందంలో ‘బిల్లు ముద్రించాలి’ అన్న రెండు మాటలే ఉన్నాయి. తీరా చూస్తే సరుకుల పేర్లు తెలుగులో కావాలన్నారు; దుకాణంలోని చిన్న థర్మల్ ప్రింటర్‌లో తెలుగు ఫాంటు లేనందున అక్షరాలకు బదులు ప్రశ్నార్థకాలు వచ్చాయి. ప్రతి బిల్లునూ బొమ్మగా మార్చి పంపితే తప్ప అది అచ్చు కాదని తెలుసుకోవడానికే రెండు వారాలు పట్టింది. మొత్తం 240 గంటలైంది, అంటే గంటకు 62 రూపాయల 50 పైసలు. యజమాని నన్ను మోసగించలేదు. ప్రింటర్ చూడకుండా ధర చెప్పింది నేనే.

కాబట్టి ధర తక్కువని మాత్రమే తొలి పనిని వదులుకోమని నేను చెప్పను. హద్దు లేని పనిని మాత్రం వదులుకోమంటాను. ‘అనుభవం వస్తుందిలే’ అనేవారిని, నా కోడ్‌ను చదివి తప్పులు చెప్పే సీనియర్ ఉన్నారా, ఈ పనిని రేపు ఇంటర్వ్యూలో చూపుకోనిస్తారా అని అడగండి. రెండూ లేకపోతే ఆ అనుభవం ఇంట్లో కూర్చొని సంపాదించుకోదగినదే.

1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్ యజమానిదవుతుంది. ఉద్యోగి కాని మీరు రాసినది మొదట మీదే. 19వ సెక్షన్ ప్రకారం మీరు సంతకం చేసి రాసిస్తేనే ఆ హక్కు వారికి బదిలీ అవుతుంది. అందువల్ల ‘పూర్తి సొమ్ము అందిన నాడే హక్కు బదిలీ’ అన్న వాక్యం చేర్పించండి. కోర్టుకు వెళ్లే స్తోమత లేని మనకు ఉన్న పట్టు అదొక్కటే.

ఆ విద్యార్థి ఒప్పందాన్ని ఇద్దరం కలిసి చదివాం. పని సుమారు 120 గంటలని తేలింది, అంటే గంటకు 166 రూపాయల చిల్లర. తక్కువే, అయినా తొలి పనికి ఓర్చుకోవచ్చు. ఓర్చుకోరానిది ‘మాకు తృప్తి కలిగేవరకు మార్పులు’ అన్న షరతు. దాన్ని ‘రెండు విడతల మార్పులు, ఆపై గంటకు 300 రూపాయలు’ అని మార్చమని, మూడోవంతు బయానా ముందే ఇమ్మని రాయమన్నాను. నేను వేదిక ఎక్కే వేళకు ఆయన వెనక వరుసలో కూర్చొని ఆ మెయిల్ టైపు చేస్తున్నారు.