రెండేళ్లలో వెళ్లిపోతామా, 70 ఏళ్లు ఉంటామా?

అందరికీ వందనాలు. ఈ రోజు వీడియో ఎప్పటిలాంటిది కాదు. బయటి దేశానికి వచ్చాక విశ్వాసం ఎలా నిలబడుతుంది, ఎలా లోతుగా వేళ్లూనుకుంటుంది అన్నది కాస్త తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఇక్కడికి వచ్చిన మనవాళ్ల నోట ఒక మాట తరచుగా వింటుంటాను. "రెండేళ్లలో వెళ్లిపోతాం కదక్కా, ఈలోపు ఇక్కడ సంఘం వెతుక్కోవడం ఎందుకు? ఆన్‌లైన్‌లో మా పాస్టర్ గారి ప్రసంగం వింటున్నాం." ఆ రెండేళ్లు చూస్తుండగానే ఐదేళ్లవుతాయి. వీసా మారుతుంది, ఉద్యోగం మారుతుంది, పిల్లలు పుడతారు. విశ్వాసం మాత్రం ఇంకా విప్పని సూట్‌కేసులా ఓ మూల పడి ఉంటుంది.

ఈ రెండేళ్ల మాట బైబిల్లోనే ఉంది, తెలుసా? క్రీస్తుపూర్వం 597లో బబులోను రాజు నెబుకద్నెజరు, యూదా రాజు యెహోయాకీనుతో సహా ఎంతోమందిని యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టుకుపోయాడు. కొన్నేళ్లకు హనన్యా అనే ప్రవక్త మందిరంలో అందరి ముందూ నిలబడి, రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారని ప్రకటించాడు. యిర్మీయా 28వ అధ్యాయంలో ఉంటుంది. చెరలో ఉన్నవాళ్ల చెవిన పడితే ఎంత హాయిగా ఉండేదో ఆ మాట! కానీ అది దేవుడు చెప్పిన మాట కాదు. దేవుడు చెప్పింది యిర్మీయా ప్రవక్త చెరలో ఉన్నవాళ్లకు ఉత్తరంలో రాసి పంపాడు. ఇళ్లు కట్టుకుని కాపురముండండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కనండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని.

మన గోడల మీద, స్టేటస్‌లలో కనిపించే యిర్మీయా 29:11, మీ విషయంలో నా ఉద్దేశాలు సమాధానకరమైనవే, హానికరమైనవి కావు అని దేవుడు చెప్పే వచనం, ఆ ఉత్తరంలోదే. దానికి ముందు వచనం మాత్రం ఎవరూ ఫ్రేమ్ కట్టించుకోరు. బబులోనులో 70 ఏళ్లు గడిచాకే తిరిగి రప్పిస్తానని అందులో ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే కన్నుమూసి ఉంటారు. అయినా ఆ వాగ్దానం వాళ్లది కూడా. నాకు ధైర్యం ఇచ్చేది ఇదే. దేవుడు మనల్ని వెయిటింగ్ హాల్లో కూర్చోబెట్టలేదు, ఉన్న చోటే నాటాడు.

అలా నాటుకున్న మనిషి ఎలా ఉంటాడో, బబులోనుకు చెరగా వెళ్లిన దానియేలును చూస్తే తెలుస్తుంది. బొమ్మల్లో సింహాల మధ్య కుర్రవాడిగా వేస్తారు గానీ, లెక్క చూడండి. అతన్ని తీసుకెళ్లింది క్రీస్తుపూర్వం 605 ప్రాంతంలో. బబులోను పారసీకుల చేతికి చిక్కింది 539లో. సింహాల గుహ ఆ తర్వాతి సంగతి. కుర్రవాడిగా వెళ్లినవాడు, అంటే అప్పటికి దాదాపు ఎనభై ఏళ్ల పెద్దాయన. ప్రార్థన చేస్తే చంపేస్తామని శాసనం వచ్చిందని తెలిసీ ఇంటికెళ్లి, యెరూషలేము వైపు కిటికీలు తెరిచి, రోజుకు మూడుసార్లు ఎప్పటిలాగే మోకరించాడు. నన్ను కదిలించేది ఆ "ఎప్పటిలాగే" అన్నదే. ఆ ధైర్యం ఆ పూట వచ్చింది కాదు, ఎవరూ చూడని వేల ఉదయాల నుంచి వచ్చింది. ఇంకో విషయం: 9వ అధ్యాయంలో అదే దానియేలు యిర్మీయా రాసిన 70 ఏళ్ల సంగతి చదివి ఉపవాసముండి ప్రార్థిస్తాడు. ఆ వయసులోనూ వాక్యం దగ్గర కూర్చునే ఉన్నాడు.

మా ఇంట్లో ఇది చాలా మామూలుగా జరుగుతుంది. పొద్దున అందరూ లేవకముందు, ఫోన్ పక్క గదిలో పెట్టేసి, ఒకే పుస్తకం వరుసగా చదువుతాను. రోజుకో వచనం పంపే యాప్‌లు మంచివే, కానీ వాటితోనే సరిపెట్టుకుంటే సందర్భం తెలియదు. వరుసగా చదివితే మనం ఎంచుకోని మాటలు కూడా ఎదురొస్తాయి. 88వ కీర్తన చూడండి. చాలా మొరల కీర్తనల్లాగా చివర్లో స్తుతిలోకి మళ్లదు, చీకటి మాటతోనే ఆగిపోతుంది. అయినా అది ప్రార్థనే, బైబిల్లో చోటు దక్కిన ప్రార్థన. ఊళ్లో అమ్మకు బాగాలేదని అర్ధరాత్రి ఫోన్ వచ్చి, వెంటనే వెళ్లలేని పరిస్థితిలో, నేను ఆ కీర్తన పైకి చదివాను. నా సొంత మాటలు రానప్పుడు అది నా నోట్లో ప్రార్థన పెట్టింది.

ఇక సంఘం. పాటలు వేరు, భాష వేరు, ఏడవాలన్నా నవ్వాలన్నా మన తెలుగు అక్కడ ఉండదు. నిజమే, ఆ లోటు తీరదు. కానీ ఆన్‌లైన్ ప్రసంగానికి మీరు రాలేదని తెలియదు. ఇక్కడ ఆరాధన అయ్యాక కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చే పని మాకు అప్పగించారు. ఆ పని చేస్తుండగానే ఒక పెద్దావిడ అమ్మ ఆరోగ్యం గురించి అడిగి, అక్కడే నా చేయి పట్టుకుని ప్రార్థించారు. ఆవిడ ఇంగ్లీషులో, నేను లోలోపల తెలుగులో. ఒకరినొకరు హెచ్చరించుకుంటూ సమాజంగా కూడడం మానొద్దని హెబ్రీ పత్రిక 10వ అధ్యాయంలో ఉంది కదా, అక్కడ ఆ కుర్చీల మధ్య నాకు అది బాగా అర్థమైంది.

రాత్రి కుటుంబ ప్రార్థనలో పిల్లలు ఇంగ్లీషులోనే చేస్తారు, చేయనివ్వండి. మొన్న మా అమ్మాయి అడిగింది, "అమ్మా, దేవుడు జవాబివ్వకపోతే కోపగించుకోవచ్చా?" అని. తప్పు అలా అనకూడదు అనలేదు. మార్కు 9వ అధ్యాయంలో ఆ తండ్రి కథ తీశాను. నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సహాయం చేయమని అంటాడే, అతని కథ. యేసు అతన్ని తిప్పి పంపలేదు, కొడుకును బాగుచేశాడు. ఇద్దరం రెండుసార్లు చదివాం. దాని ప్రశ్నలు ఇంకా అయిపోలేదు, రేపు రాత్రికి ఇంకోటి సిద్ధంగా ఉందట.

కొత్తగా వచ్చినవాళ్లు ఎవరైనా చూస్తుంటే, ఈ ఆదివారం మీకు దగ్గర్లో ఉన్న సంఘానికి వెళ్లండి. ఆరాధన అవగానే బయటికి రాకుండా కాసేపు ఆగి, ఏదైనా పని ఉందా అని అడగండి.