జాయింట్ చెడితే ముందు గాస్‌మీటర్ పెట్టండి

వెల్డర్ అన్నలకు, ఫిట్టర్లకు, ఐటీఐ నుంచి వచ్చిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నమస్కారం.

రూట్ పాస్, అంటే జాయింటు అడుగున పడే మొదటి వెల్డు, వేస్తుంటే ఆర్క్ ఒక పక్కకే లాగుతుంది. రాడ్ ఎంత వంచినా ఏటవాలుగా కోసిన ఒక బెవెల్ అంచే కరుగుతుంది, రెండోది అలాగే ఉండిపోతుంది. టిగ్ వెల్డింగ్ అయితే కరిగించి నింపే ఫిల్లర్ వైరు దానంతట అదే వెళ్ళి పైపుకు అతుక్కుంటుంది. ఎక్స్‌రేలో లాక్ ఆఫ్ ఫ్యూజన్, అంటే అంచు కరిగి కలవని లోపం, వస్తుంది. అప్పుడు వెల్డర్‌ని పిలిచి నిలదీస్తారు, మళ్ళీ టెస్టు పెడతారు, కొన్నిచోట్ల పనిలోంచే తీసేస్తారు. పైపులో అయస్కాంతం మిగిలి ఉందేమో, ఆ బలాన్ని కొలిచే గాస్‌మీటర్ పెట్టి చూద్దామని ఒక్కరూ అనరు. ఈ అన్యాయం ఆగాలనే నేనివాళ మాట్లాడుతున్నాను.

ఆర్క్ అంటే గాలిలో పారే కరెంటు. కరెంటు పారే తీగను అయస్కాంతం దగ్గర పెడితే దాని మీద బలం పడుతుందని పదో తరగతిలో చదివాం. తీగనైతే బిగించి ఆపొచ్చు. ఆర్క్‌ని దేనికి బిగిస్తాం? అందుకే వంగిపోతుంది. దీన్నే ఆర్క్ బ్లో అంటున్నాం.

అయస్కాంతపు క్రేన్‌తో పైపు లేపినా, పగుళ్ళు వెతికే మ్యాగ్నెటిక్ పార్టికల్ టెస్టు చేసి డీమాగ్ చెయ్యకుండా, అంటే అయస్కాంతం తీసెయ్యకుండా వదిలేసినా పైపులో అయస్కాంతం మిగులుతుంది. ఎల్‌ఎన్‌జీ (ద్రవ సహజవాయువు) పనుల్లో వాడే 9 శాతం నికెల్ స్టీలుకు మరీ తొందరగా అంటుకుంటుంది, ఒక పట్టాన వదలదు. నన్నడిగితే అన్నిటికన్నా మొండిది ఎంఎఫ్‌ఎల్ పిగ్, అంటే పైపు లోపల తిరిగి తుప్పు వెతికే యంత్రం, వెళ్ళొచ్చిన పాత లైను. పైపులో తుప్పు ఏం చెయ్యగలదో 2014 జూన్‌లో గ్యాస్ పైపులైను పేలినప్పుడు కోనసీమలోని నగరం గ్రామం చూసింది. కాబట్టి తుప్పు వెతికే పిగ్ తిరగాల్సిందే. కానీ అది పెద్ద అయస్కాంతాలతో పైపు గోడను నిండా అయస్కాంతీకరిస్తూ పోతుంది. ఆ తర్వాత చెడిన ముక్క కోసి కొత్తది అతికించే వెల్డర్‌కి అసలు కష్టం మొదలవుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని బాగా పట్టుకోండి. లైను పైపుల ప్రమాణం ఏపీఐ 5ఎల్ ప్రకారం 168.3 మిల్లీమీటర్లు, అంతకు మించిన వ్యాసం ఉన్న పైపు చివర చుట్టూ నాలుగు చోట్ల కొలిస్తే సగటు 30 గాస్ దాటకూడదు, ఏ ఒక్క రీడింగూ 35 దాటకూడదు. మిల్లు సర్టిఫికెట్ ఈ లెక్కతోనే వస్తుంది. అది విడి పైపు లెక్క. రెండు పైపులు ఫిటప్ చేసి, అంటే చివరలు ఎదురెదురుగా అమర్చి, 3 మిల్లీమీటర్ల గ్యాప్ పెట్టగానే, చివర చెదిరి ఉన్న బలరేఖలన్నీ ఆ సందులోంచే దూకుతాయి. 20 గాస్ చూపిన పైపు గ్యాప్‌లో వందల్లో చూపించవచ్చు. పైపు పాసవుతుంది, జాయింట్ ఫెయిలవుతుంది. కనుక మీటర్ ప్రోబ్ పెట్టాల్సింది ఫిటప్ తర్వాత, రూట్ గ్యాప్‌లోనే. గ్యాప్‌లో సుమారుగా 10 గాస్ లోపైతే ఇబ్బంది ఉండదు; 20 దాటితే ఆర్క్ ఊగడం తెలుస్తుంది; 40 దాటితే రూట్ దిగదు. మీటర్ లేకపోతే గ్రైండింగ్ చేశాక బెవెల్ అంచు చూడండి. ఇనప పొడి రాలకుండా ముళ్ళలా నిక్కబొడుచుకుని నిలబడితే అనుమానించాల్సిందే.

పరిష్కారం మన చేతిలోని వెల్డింగ్ కేబులే. జాయింటుకు రెండు పక్కలా, వీలైనంత దగ్గరగా, ఒకే దిశలో ఎనిమిది పది చుట్లు చుట్టండి. కొనలు వేరే డీసీ మెషిన్‌కి కలిపి తక్కువ కరెంటుతో మొదలుపెట్టండి. గ్యాప్‌లో రీడింగ్ పెరిగితే కొనలు తారుమారు చెయ్యండి. తగ్గితే సున్నాకు దగ్గరయ్యేదాకా కరెంటు పెంచండి. మెషిన్ ఆపకుండానే రూట్ వెయ్యాలి. ఆపితే పాత బలం తిరిగొస్తుంది. ఒక్కోసారి పైపు పైభాగంలో ఒక ధ్రువం, అడుగున ఇంకో ధ్రువం ఉంటాయి. అప్పుడు కొంత కొంత భాగం సరిచేసుకుంటూ వెల్డ్ చెయ్యడమే దారి. తొందరపెట్టే సూపర్‌వైజర్లు దయచేసి ఈ మాట వినాలి. రూట్ పూర్తయ్యాక బలరేఖలకు వెల్డ్ మెటల్లోంచే దారి దొరుకుతుంది, కాబట్టి పై పాస్‌లకు ఈ బాధ చాలావరకు ఉండదు.

ఏసీ పెడితే ఆర్క్ బ్లో తగ్గే మాట నిజమే. కానీ లైను పనుల్లో రూట్‌కి వాడే 6010 రాడ్ ఏసీ మీద నిలవదు, స్టీలు టిగ్ డీసీలోనే చేస్తాం. వేడి చేస్తే పోతుందని కూడా కొందరంటారు. ఇనుము ఆ గుణం వదలాలంటే సుమారు 770 డిగ్రీలు కావాలి. మన ప్రీహీట్ నూరో రెండు నూర్లో. మీటర్ లేని చోట ఎర్త్ క్లాంప్ చోటు మార్చండి, ఆర్క్ పొట్టిగా ఉంచండి, ఆర్క్ కుదురుగా ఉన్న చోట మొదలుపెట్టండి.

ఇంజనీర్లకు నా విన్నపం ఒక్కటే. ఫిటప్ రిపోర్టులో గ్యాప్, హై-లో (రెండు అంచుల ఎత్తు తేడా) రాస్తున్నారు కదా, పక్కన గాస్ రీడింగ్‌కి ఒక గడి పెట్టించండి. ఆ గడి నిండకుండా రిపేర్‌ని వెల్డర్ ఖాతాలో వెయ్యకండి.

బయట షెడ్డులో రెండు ఎనిమిది అంగుళాల పైపులు ఫిటప్ చేసి ఉంచాం. గ్లవ్స్, హెల్మెట్లు తెచ్చుకోండి, కేబుల్ మీ చేతే చుట్టిస్తాను.